వాల్వ్ విరిగిందా? తొందరగా బాగుచెయ్యకండి

శంషాబాద్ చుట్టుపక్కల చిన్న ఇంజన్ లేకుండా జరిగే పని తక్కువ. తొండుపల్లి వైపు ఇళ్లకు స్లాబు పోసేటప్పుడు వైబ్రేటర్‌ను తిప్పేది అదే. పాల్మాకుల, నర్కూడ పొలాల్లో కలుపు యంత్రాన్ని నడిపేదీ అదే. ఫామ్‌హౌస్‌లో కరెంటు పోతే నీళ్లు తోడేది, సెలవు రోజున పిల్లలు తోలే గోకార్ట్‌లో సీటు వెనక బిగించి ఉండేది కూడా చాలాచోట్ల అదే. 163 సీసీ, ఒక్క సిలిండరు, తాడు గుంజితే లేచే పెట్రోల్ ఇంజన్. హోండా జీఎక్స్ 160 దీనికి మూలం. అవే కొలతలతో చైనాలో తయారైనవి బజారు నిండా ఉన్నాయి.

ఒకరోజు అది టప్పుమని ఆగిపోతుంది. తాడు గుంజితే ఏ పట్టూ లేకుండా వచ్చేస్తుంది, లేదా సగంలో బిగుసుకుంటుంది. వాల్వ్ పోయిందని తేలగానే సలహాలు మొదలవుతాయి. "కొత్త వాల్వ్ ఏసి, పేస్టు రుద్ది బిగించెయ్ అన్నా, గంట పని." ఇక్కడ నేను చెప్పే చిట్కాలు వాటికి తలకిందులుగా ఉంటాయి. పని ఆలస్యం చెయ్యమంటాను. చప్పుడు ఉండనివ్వమంటాను. విరిగిన ముక్కను కొత్త ముక్క కంటే భద్రంగా దాచమంటాను. ఇవి మాటవరసకు చెబుతున్నవి కావు, అచ్చంగా ఇలాగే చెయ్యాలి. వాల్వ్ ఎందుకు పోయిందో తెలుసుకోకుండా గంటలో బిగించిన ఇంజన్ అదే కారణంతో మళ్లీ పోతుంది. అప్పుడు కనెక్టింగ్ రాడ్డు, బ్లాకు కూడా వెంట తీసుకుపోతుంది. వైబ్రేటర్ అద్దెకిచ్చి ఇల్లు గడుపుకునే మనిషి ఆ రెండో దెబ్బకు తట్టుకోలేడు.

కింద ఇచ్చిన కొలతలన్నీ జీఎక్స్ 160వి. మీది వేరే రకమైతే దాని పుస్తకంలో ఉన్నవి వాడండి.

తాడు ముట్టుకోకండి

ఇంజన్ ఆగగానే అందరి చెయ్యీ తాడు మీదికే పోతుంది. "ఒక్క గుంజుడు గుంజి చూస్త." వాల్వ్ తల విరిగి సిలిండర్లో పడి ఉంటే, పిస్టన్ పైకి వచ్చిన ప్రతిసారీ ఆ ఉక్కు ముక్క హెడ్‌కూ పిస్టన్‌కూ మధ్య ఇరుకుతుంది. మొదటి దెబ్బ ఇంజన్ ఆగినప్పుడే పడింది. ఆ తర్వాతి గాట్లన్నీ మనం తాడు గుంజి పెట్టినవే. సిలిండరు గోడ మీద నిలువు గీత పడేది కూడా చాలాసార్లు ఇక్కడే.

ఈ అలవాటు పాత ఇంజన్ల నుంచి వచ్చిందనుకుంటాను. విలియర్స్ లాంటి పెట్రోల్-కిరోసిన్ ఇంజన్లలో వాల్వులు పిస్టన్ పక్కన, బ్లాకులోనే నిలబడి ఉండేవి. వాటిలో వాల్వ్ విరిగినా పిస్టన్ నెత్తిన నేరుగా పడే వీలు తక్కువ. ఆ రోజుల్లో రెండుసార్లు గుంజి చూస్తే పోయేదేమీ లేదు. 1983లో హోండా జీఎక్స్ వరసను తెచ్చినప్పుడు వాల్వులను హెడ్‌లోకి, పిస్టన్‌కు ఎదురుగా మార్చింది. అలాంటి ఇంజన్ పెట్రోలు తక్కువ తాగుతుంది, బలం ఎక్కువ ఇస్తుంది. కానీ వాల్వ్ తల తెగితే పడేది పిస్టన్ మీదే. ఇంజన్ మారిపోయింది, సలహా మాత్రం పాతదే నడుస్తోంది.

తాడు వదిలేసి స్పార్క్ ప్లగ్ తియ్యండి. దాని కొన నలిగి గ్యాప్ మూసుకుపోయి ఉంటే లోపల ఏదో ముక్క ఆడిందని అర్థం. ప్లగ్గు రంధ్రంలోంచి ఫోనుకు తగిలించే చిన్న కెమెరా వైరు పెట్టి చూడండి. వెయ్యి, పదిహేను వందల్లో దొరుకుతుంది. ఇదే పనిని పెద్ద ఎత్తున మన పక్కనే చేస్తున్నారు. శంషాబాద్ విమానాశ్రయాన్ని ఆనుకుని జీఎంఆర్ ఏరో టెక్నిక్ వారు విమానాలను బాగుచేస్తారు. 2025 నవంబరులో అక్కడే సఫ్రాన్ వారి లీప్ ఇంజన్ల మరమ్మతు కేంద్రానికి ప్రారంభోత్సవం కూడా జరిగింది. విమాన ఇంజన్‌ను విప్పే ముందు బోరోస్కోప్‌తో లోపలంతా చూడటం, విప్పిన ప్రతి భాగానికీ చీటీ కట్టడం ఆ వృత్తిలో మొదటి పాఠాలు. 163 సీసీ ఇంజన్‌కు అంత హంగు అక్కర్లేదు. చూసి విప్పడం, విప్పింది దాచడం మాత్రం దీనికీ కావాలి.

హెడ్ విప్పే ముందు దుమ్ము చూడండి

వాల్వ్ హెడ్‌లో ఉంది కాబట్టి నేరుగా హెడ్ బోల్టుల మీద పానా పెడతారు. అంతకంటే ముందు ఫ్యాన్ కవర్ తియ్యండి. తీశాక బ్రష్ వెయ్యకండి, గాలి కొట్టకండి. ఎలా ఉందో అలాగే ఫోటో తీసుకోండి. ఫిన్ల మధ్య ఏం నిండిందో చూడండి. కలుపు యంత్రమైతే ఎండుగడ్డి, మట్టి కలిసి గట్టిపడి ఉంటాయి. స్లాబు పని చేసిందైతే సిమెంటు పొర. ఆ కవర్ కింద గాలి ఆడకపోతే హెడ్ విపరీతంగా వేడెక్కుతుంది. అల్యూమినియం హెడ్ వాల్వ్ కూర్చునే ఉక్కు సీటు కంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది, సీటు పట్టు వదులవుతుంది. వాల్వ్ గైడ్ కూడా అదే తీరున జరగొచ్చు. ఆ రెండింట్లో ఏది కదిలినా వాల్వ్ సరిగ్గా మూసుకోదు. కవర్ శుభ్రంగా తుడిచేశాక ఈ సాక్ష్యం మళ్లీ దొరకదు.

తర్వాత ఎయిర్ ఫిల్టర్. ఈ ప్రాంతపు దుమ్మును తక్కువగా అంచనా వెయ్యకండి. హైదరాబాదు కింద ఉన్న గ్రానైట్ సుమారు 250 కోట్ల ఏళ్ల నాటిది. అది చివికి మనం రోడ్లకు, వెంచర్లకు పరిచే మొరం అవుతుంది. గ్రానైట్‌లో మిగతావన్నీ చివికి మెత్తబడినా క్వార్ట్జ్ రేణువు గట్టిగానే మిగులుతుంది. మోస్ కొలతలో దాని గట్టిదనం 7, మామూలు ఉక్కు కంటే ఎక్కువ. "గాలి సరిగ్గ అందుతలేదు, ఫిల్టర్ తీసి నడిపి చూడు" అనే సలహా ఈ నేల మీద ప్రాణాంతకం. లోపలికి పోయిన రేణువు ముందు ఇన్లెట్ వాల్వ్ సీటు మీద, తర్వాత రింగుల మీద పనిచేస్తుంది. అందుకే ఫిల్టర్ పెట్టె లోపలి వైపు, అంటే కార్బొరేటర్ వైపు, వేలితో రుద్ది చూడండి. వేలికి గరుకు తగిలితే ఈ ఇంజన్‌లో వాల్వ్ ఒక్కటే మార్చి లాభం లేదు. బోరు కూడా పోయి ఉంటుంది.

ఇక నూనె. తెల్లటి గుడ్డ మీదుగా ఒంపండి. గుడ్డ మీద మిగిలిన మెరుపు రజనుకు అయస్కాంతం చూపండి. అంటుకుంటే ఉక్కు. అంటుకోకుండా మెరుస్తుంటే అల్యూమినియం, అంటే పిస్టనో కనెక్టింగ్ రాడ్డో అరుగుతోంది. ఈ ఇంజన్‌లో నూనె పంపు లేదు, రాడ్డు కింద ఉన్న రెక్కే నూనెను చిమ్ముతుంది. 20 డిగ్రీలకు మించి వాలితే ఆ చిమ్ముడు సరిగ్గా అందదు. వైబ్రేటర్‌ను చెక్కల మీద ఒరిగించి పూటంతా నడిపేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి. నూనె తగ్గిందేమోనని చూస్తారు గానీ ఇంజన్ ఒరిగి ఉందని పట్టించుకోరు.

చప్పుడు ఉండనివ్వండి

నాకు అన్నింటికంటే ముఖ్యమైన చిట్కా ఇది. వాల్వులు కాలిపోవడానికి మన మెకానిక్ షాపుల్లో ఎక్కువగా వినిపించే సలహాయే పెద్ద కారణమని నేను నమ్ముతున్నాను: "టక్ టక్ అంటున్నది, జర టైట్ జెయ్ అన్నా."

వాల్వును నొక్కి తెరిచే రాకర్‌కూ వాల్వ్ తోకకూ మధ్య సందు ఉండాలి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఇన్లెట్‌కు 0.15 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్‌కు 0.20. ఎగ్జాస్ట్ వాల్వ్ తల పనిలో ఉన్నప్పుడు మండే వాయువుల మధ్యే ఉంటుంది. ఆ వేడి దిగిపోయే పెద్ద దారి ఒక్కటే, మూసుకున్న క్షణంలో సీటును తాకడం. కొంత గైడు ద్వారా పోతుంది గానీ ఎక్కువ భాగం సీటుకే. ఇంజన్ నిమిషానికి 3600 చుట్లు తిరుగుతుంటే ఒక్కో వాల్వ్ సెకనుకు 30 సార్లు తెరుచుకుంటుంది. ఎనిమిది గంటల పనిలో ఎనిమిదిన్నర లక్షల సార్లకు పైమాటే. అన్నిసార్లూ అది సీటు మీద పూర్తిగా కూర్చోవాలి.

చప్పుడు పోయేలా సందు బిగిస్తే ఏమవుతుంది? ఇంజన్ వేడెక్కాక వాల్వ్ పొడవు పెరుగుతుంది. సందు లేదు కాబట్టి రాకర్ దాన్ని వెంట్రుకవాసి తెరిచే ఉంచుతుంది. వేడి దిగే దారి మూసుకుపోయింది. పైగా ఆ వెంట్రుకవాసి చీలికలోంచి మండుతున్న వాయువు దూసుకుపోతుంది. కొన్ని గంటలకు వాల్వ్ అంచు ఒకచోట కరిగి చిన్న గాడి పడుతుంది, ఆ గాడి రోజురోజుకూ పెరుగుతుంది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. వాడుతున్న కొద్దీ ఈ సందు పెరుగుతుందనుకుంటారు. ఎగ్జాస్ట్ వైపు ఎక్కువగా జరిగేది దానికి వ్యతిరేకం. వాల్వ్ కొట్టి కొట్టి సీటులోకి కూరుకుపోతుంది, దాని తోక పైకి లేస్తుంది, సందు తగ్గుతుంది. అంటే చప్పుడు మెల్లగా తగ్గిపోతున్న ఇంజన్ బాగుపడటం లేదు, కాలిపోవడానికి దగ్గరవుతోంది. కలుపు యంత్రం ఈ ఏడు నిరుటి కంటే మెత్తగా నడుస్తోందని సంతోషించే రైతును చూస్తే నాకు బాధేస్తుంది. 300 గంటలకొకసారి ఈ సందు చూడమని కంపెనీ పుస్తకంలోనే ఉంది. సందు కొలిచే ఫీలర్ గేజ్ ఖరీదు ఒక పూట కూలి కంటే తక్కువ.

కాబట్టి పోయిన ఇంజన్‌లో కూడా రాకర్ కవర్ తీశాక, ఏ నట్టూ వదులు చెయ్యకముందే, విరగని వాల్వ్ సందు కొలిచి రాసుకోండి. అక్కడ 0.05 ఉంటే విరిగినదాని కథ సగం తెలిసిపోయినట్టే. పుష్‌రాడ్లను అద్దం మీద దొర్లించి చూడండి. వంగిన పుష్‌రాడ్డు కనిపిస్తే వాల్వ్ గైడులో పట్టేసిందని అనుమానించాలి.

విరిగిన ముక్కను పారెయ్యకండి

హెడ్ తీశాక మొదటి పని ముక్కలన్నీ ఏరి తెల్ల కాగితం మీద పేర్చి, వాల్వ్ ఆకారం పూర్తయిందో లేదో చూడటం. పూర్తి కాకపోతే మిగతా ముక్క ఇంకా ఇంజన్‌లోనే ఉంది. దాన్ని ఎక్కడ వెతకాలన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. సైలెన్సర్‌లో చూస్తారు, అది సరే. కానీ విరిగిన ముక్క ఇన్లెట్ దారిలోకి, కార్బొరేటర్ గొంతు దాకా కూడా వెనక్కి ఎగరగలదు. అక్కడ చూడకుండా కొత్త హెడ్ బిగించి తాడు గుంజితే, మొదటి పీల్పుకే ఆ ముక్క లోపలికి వచ్చి కొత్త వాల్వును, కొత్త పిస్టన్‌ను కొడుతుంది. కొత్త సామాను నాసిరకమని తిట్టుకుంటాం, తప్పు ఆ సామానుది కాదు. ఇన్లెట్ దారిని, కార్బొరేటర్‌ను, సైలెన్సర్‌ను మూడింటినీ తలకిందులు చేసి దులపండి, అయస్కాంతం తిప్పండి. ఎగ్జాస్ట్ వాల్వుల్లో కొన్ని రకాల ఉక్కుకు అయస్కాంతం అంతగా అంటదు కాబట్టి కంటితో కూడా వెతకాలి.

ఇప్పుడు విరిగిన చోటును భూతద్దం కింద, పక్కనుంచి టార్చి వేసి చూడండి. విరిగిన ముఖం మీద ఒక మూల నుంచి మొదలై విల్లుల్లా పరుచుకున్న నున్నటి గీతలు, చివర్న గరుకు భాగం ఉంటే అది అలసి తెగింది. చాలా రోజుల క్రితం చిన్న పగులుగా మొదలై మెల్లగా సాగింది. ఆ మూల ఎటుందో గుర్తుపెట్టండి. వాల్వ్ ఒకవైపే వంగుతూ కూర్చుంటోందని, అంటే గైడు అరిగిందనో సీటు వంకర పోయిందనో అది చెబుతుంది. ముఖమంతా ఒకే తీరు గరుకుగా ఉండి కాడ వంగి ఉంటే ఒక్క దెబ్బకు విరిగింది, పిస్టన్ తగిలింది. స్ప్రింగ్ రిటైనర్ పట్టే గాడి దగ్గర తెగితే ఆ స్ప్రింగును, రిటైనర్‌ను మళ్లీ వాడకండి. తల అంచు కరిగి ఉంటే పైన చెప్పిన సందు కథ. కాడ మీద నల్లటి గట్టి పొర, నిలువు గీతలు ఉంటే గైడులో వేడికి పట్టేసింది.

పిస్టన్ నెత్తి కూడా చూడండి. అక్కడ అర్ధచంద్రాకారపు గుర్తు లోతు తక్కువగా, ఒకే చోట, అంచు శుభ్రంగా ఉంటే వాల్వ్ విరగకముందే పిస్టన్‌కు తగులుతోందని అర్థం. చుట్లు మించకుండా ఆపే గవర్నర్‌ను తప్పించి నడిపిన గోకార్ట్ ఇంజన్లలో ఇది కనబడుతుంది. చుట్లు మరీ పెరిగితే స్ప్రింగు వాల్వును సమయానికి వెనక్కి లాగలేదు. "గవర్నర్ తీసేస్తే స్పీడొస్తది" అనే సలహా నిజమే, స్పీడు వస్తుంది. ఈ ఇంజన్‌లోని అల్యూమినియం రాడ్డు ఆ స్పీడుకు చేసింది కాదు. రాడ్డు తెగితే బ్లాకును చీల్చుకుని బయటికొస్తుంది, అప్పుడు దాని ముందు సీట్లో కూర్చున్నది మన పిల్లవాడు. గవర్నర్ లింకు ఊడదీసి ఉన్న ఇంజన్ బాగుకు వస్తే, దాన్ని మళ్లీ తగిలించకుండా ఇవ్వనని చెప్పే మెకానిక్ నాకు గౌరవనీయుడు.

ఇంకా ఏమీ కొనకండి

రాణిగంజ్ పోయి వాల్వ్ సెట్టు, ప్యాకింగులు, రింగులు తెచ్చుకున్నాక విప్పడం మొదలుపెట్టేవాళ్లున్నారు. కొలతలు పూర్తయ్యేదాకా జేబులో చెయ్యి పెట్టకండి. హెడ్ మీద ఖర్చు చేసే ముందు బోరు కొలిపించండి. కాటేదాన్, ఆరాంఘర్ వైపు బోరింగ్ పని చేసే చోట గేజ్ ఉంటుంది. పైన, మధ్య, కింద మూడు ఎత్తుల్లో, రెండేసి దిక్కుల్లో కొలవాలి. కొత్తది 68.00 మిల్లీమీటర్లు, 68.165 దాటితే ఆ బోరు పని అయిపోయింది. గీత గోరుకు తగిలినా అంతే. అప్పుడు ఓవర్‌సైజ్ పిస్టన్ వెయ్యాలా, ఇంకో ఇంజన్ కొనాలా అన్నది లెక్క చూసుకోవాలి. చౌకరకం ఇంజన్లో హెడ్, రాడ్డు, బోరు మూడూ పోతే బాగుచేయించకండి. అసలైన హోండా ఇంజన్ అయితే బాగుచేయించండి, దాని సామాను ఏళ్ల తరబడి దొరుకుతుంది.

రాడ్డు కంటికి బాగున్నా, వాల్వ్ ముక్క ఇరుక్కుని ఇంజన్ ఒక్కసారిగా ఆగి ఉంటే దాన్ని మార్చెయ్యమనే చెబుతాను. దెబ్బ తిన్న అల్యూమినియం రాడ్డును నమ్మి లోపల పెట్టే ధైర్యం నాకు లేదు. క్రాంక్ బేరింగులను కిరోసిన్‌తో కడిగి, ఆరాక వేలితో తిప్పితే గరగర లేకుండా తిరగాలి.

హెడ్ పనిలో వరస ముఖ్యం. గైడు ముందు, సీటు తర్వాత. సీటు కట్టర్ గైడు రంధ్రంలో నిలబడే తిరుగుతుంది కాబట్టి, సీటు కోసి తర్వాత గైడు మారిస్తే రెండూ ఒక వరసలో ఉండవు. వాల్వ్ కూర్చునే 45 డిగ్రీల పట్టీ వెడల్పు 0.8 మిల్లీమీటర్లు ఉండాలి, 2 దాటకూడదు. పట్టీ వెడల్పయితే బాగా మూసుకుంటుందనుకుని పేస్టు వేసి గంటసేపు రుద్దుతారు. సీటు సరిగ్గా కోసి ఉంటే పేస్టు రుద్దుడు పది పదిహేను తిప్పులు చాలు, అది కూడా మచ్చ చుట్టూ సమంగా పడిందో చూడటానికే. ఎక్కువ రుద్దితే వాల్వ్ అంచున పళ్లెంలా లోతు పడుతుంది. తర్వాత పేస్టు ఒక్క రేణువు మిగలకుండా కడగండి. స్ప్రింగులతో బిగించి, పోర్టులో కిరోసిన్ పోసి, అయిదు నిమిషాలు చూడండి. తలవైపు చెమ్మ కనబడితే మళ్లీ విప్పాలి. స్ప్రింగు పొడవు 34 మిల్లీమీటర్లు, 32.5 కంటే తగ్గితే కొత్తది వెయ్యండి.

బోరు హోనింగ్ చేయించాక పెట్రోలుతో కడిగి సరిపెట్టకండి. వేడినీళ్లు, సబ్బు, బ్రష్. తెల్ల గుడ్డకు బూడిదరంగు అంటడం ఆగేదాకా కడిగి, వెంటనే నూనె పూయండి. రింగు మీద గుర్తు పైకి, క్రాంక్, క్యామ్ గేర్ల చుక్కలు ఎదురెదురుగా. రాడ్డు బోల్టులు 12 న్యూటన్ మీటర్లు, హెడ్ బోల్టులు 24. హెడ్‌వి మూలమూలగా, రెండు మూడు దఫాల్లో. ప్యాకింగు కొత్తది. హెడ్ ప్యాకింగుకు అనాబాండ్ లాంటి గమ్ము ఏదీ పూయకండి.

మొదటి రోజు ఊరికే నడిపించకండి

"కొత్త రింగులు కదా, ఖాళీగా సల్లగా రెండు మూడు గంటలు నడవనియ్" అంటారు. రింగులు గోడకు పట్టాలంటే వాటి వెనక వాయువు ఒత్తిడి ఉండాలి, ఖాళీగా నడిస్తే ఆ ఒత్తిడి రాదు. రెండు మూడు నిమిషాలు వేడెక్కనిచ్చి, ఓ మోస్తరు పని పెట్టండి. పని పెంచుతూ తగ్గిస్తూ ఉండండి. ఫుల్ లోడు మాత్రం ఆ రోజు వద్దు. నూనె 10డబ్ల్యూ-30, అరలీటరుకు కాస్త ఎక్కువ పడుతుంది. మొదటి 20 గంటలకు మార్చెయ్యాలి. నెలకు పైగా నడపకుండా పెట్టేటట్లయితే కార్బొరేటర్‌లో పెట్రోలు ఒంపెయ్యండి. ఇప్పుడు మన బంకుల్లో దొరికేదాంట్లో 20 శాతం ఇథనాల్ ఉంది, అది చెమ్మను పీల్చుకుంటుంది.

అదే 20 గంటలప్పుడు, పొద్దున్నే ఇంజన్ చల్లగా ఉండగా రాకర్ కవర్ తీసి రెండు సందులూ మళ్లీ కొలవండి. కొత్తగా కోసిన సీటు కొంచెం సర్దుకుంటుంది కాబట్టి ఎగ్జాస్ట్ వైపు 0.20 పెట్టింది 0.17కో 0.16కో వస్తే కంగారు పడకండి, మళ్లీ 0.20కి పెట్టి తారీఖుతో సహా ఫ్యాన్ కవర్ లోపలివైపు మార్కర్‌తో రాయండి. ఇంకో 20 గంటలకు మళ్లీ చూడండి. రెండోసారి సందు కదలకపోతే ఇక 300 గంటల దాకా ఆ కవర్ తియ్యనక్కర్లేదు. రెండోసారీ తగ్గితే సీటు ఆగడం లేదని అర్థం. పంట పని మధ్యలో ఉన్నా సరే, ఆ రోజే ఇంజన్ ఆపి హెడ్ విప్పండి.